అగస్త్యుడి కోసం కొండెక్కక్కర్లేదు

కృష్ణానది సముద్రంలో కలిసే దివిసీమలో మచ్చుకైనా గుట్ట లేదు. కోడూరు దాటి హంసలదీవి వైపు వెళ్తే వరిచేలు, రొయ్యల చెరువులు, మడ అడవి, ఆపైన సముద్రమే. చుక్కలు చూడటానికి స్తోమత ఉన్నవాళ్లు ఆల్ప్స్ పర్వతాల్లోని జెర్మాట్ లాంటి ఊళ్లకు ప్రయాణం కడతారు. అక్కడి గాలి తేటదనాన్ని, హిమానీనదాల అందాన్ని కాదనలేం; మహాబలేశ్వరం వానల్లో పుట్టిన కృష్ణకు ఆ వైభవం లేదు. అయితే లోయలో నిలబడ్డవాడికి ఆకాశంలో కింది భాగాన్ని కొండలే మింగేస్తాయి. కొండలు లేకపోయినా, సిరియస్ తర్వాత అత్యంత ప్రకాశవంతమైన అగస్త్య నక్షత్రం జెర్మాట్ ఉన్న 46 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఎన్నడూ పొడవదు. 16 డిగ్రీల దగ్గరున్న హంసలదీవిలో అదే నక్షత్రం ఫిబ్రవరి నడుమ రాత్రి 9 గంటల వేళ దక్షిణాన సుమారు 21 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే దాదాపు అంత. మార్చి చివర్లో అర్ధరాత్రికి త్రిశంకు నక్షత్రమండలం కూడా నీళ్ల పైన నిలుస్తుంది. ఎత్తు కన్నా అడ్డులేని దిగంతమే ఇక్కడి సంపద. పర్యాటక ప్రచారానికి మాత్రం పుణ్యస్నానాలు తప్ప మరేమీ కనిపించవు. సముద్రపు తేమ దిగువ చుక్కల్ని కొంత మసకబారుస్తుంది గనక చలికాలపు అమావాస్య రోజులు మేలు. చెరువుగట్ల దీపాలను వీపు వెనక వదిలి దక్షిణానికి తిరగాలి.