జూన్ 25 గుర్తుంది సరే, డిసెంబర్ 1 సంగతేంటి?

పోయిన ఎండాకాలం ధర్మపురి బస్టాండులో లక్సెట్టిపేట బస్సు కోసం కూర్చున్నాం. పక్కన మా గూడెం తమ్ముడు. బీఈడీ అయిపోయింది, డీఎస్సీకి చదువుతున్నాడు. ఫోన్ చూసుకుంటూ అన్నాడు: "సార్, ఈ దేశానికి ఎలక్షన్లు దండుగ. ఒక్కడే గట్టోడు పదేండ్లు ఏలితే అన్నీ సక్కగైతయి. ఎమర్జెన్సీల రైళ్లు టైముకు వచ్చినయట గద."

ఈ మాట ఆ తమ్ముడి ఒక్కడిది కాదు. స్టాఫ్ రూముల్లో మన టీచర్ల నోటా విన్నాను. ఆ రోజు బస్సు వచ్చేలోపు కొంత చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు రైళ్ల సంగతి. 1975లో మన గూడేలకు సరైన బాటే లేదు. రైలు టైముకు వస్తే ఎవరికి, రాకపోతే ఎవరికి? మన దగ్గరికి టైముకు వచ్చినవాళ్లు ఫారెస్టు గార్డు, పట్వారీ, పోలీసు. వాళ్లు ఎమర్జెన్సీకి ముందూ వచ్చారు, తర్వాతా వచ్చారు. మధ్యలో మారింది ఒకటే. వాళ్లు చేసిందాన్ని అడిగేవాడు లేకుండా పోయాడు.

జూన్ 25 రాత్రి రాష్ట్రపతి సంతకం పెట్టారు. మంత్రివర్గానికి సంగతి తెల్లవారినాక చెప్పారు. రెండు రోజులకు, ప్రాణానికీ స్వేచ్ఛకూ కాపలాగా ఉన్న 21వ అధికరణం పేరు మీద కోర్టుకు పోయే హక్కును నిలిపేశారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల్లో నలుగురు అది సరేనన్నారు. పోలీసు అన్యాయంగా ప్రాణం తీసినా దిక్కు లేదా అని విచారణలో జస్టిస్ ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని ప్రభుత్వ వకీలు ఒప్పుకున్నాడు. కాదని తీర్పు రాసినవాడు ఖన్నా ఒక్కడే. ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు రాకుండా పోయింది.

ఢిల్లీలో అది వాదన. మన వైపు అప్పటికే జరిగిపోయిన పని. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చచ్చిపోయారు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. ఎమర్జెన్సీ పోయినాక తార్కుండే కమిటీ ఊళ్లు తిరిగి విచారించి, పట్టుకొని చంపారని తేల్చింది. అదే ఏడు డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ ఉరి తీశారు. ఇద్దరూ మన ఆదిలాబాద్ జిల్లా వాళ్లు, భూస్వాముల మీద పోరాటంలో ఉన్నవాళ్లు. శిక్ష అంతకుముందే పడింది, నిజమే. కానీ గొంతులు బయట ఉన్నన్నాళ్లు ఉరి వాయిదా పడింది. గొంతులు జైలుకు పోయినాక ఆగలేదు.

ఇంకో మాట తరచూ వింటాం. "ఎమర్జెన్సీలో పేదలకు మేలు జరగలేదా? ఇరవై సూత్రాలు, వెట్టి రద్దు?" దీన్ని కొట్టిపారేయను. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది, మంచి చట్టమే. మరి 1978 సెప్టెంబర్ 7న, ఎమర్జెన్సీ పోయిన ఏడాదిన్నరకు, జగిత్యాలలో వేలమంది కూలీలు ఊరేగింపు ఎందుకు తీశారు? వెట్టి పోవాలని, దొరలు గుంజిన జుర్మానాలు తిరిగి ఇవ్వాలని, బంజర్లు దున్నుకోనివ్వాలని. అంటే ఢిల్లీలో రద్దయిన వెట్టి జగిత్యాల తాలూకాలో బతికే ఉంది. మీటింగు పెట్టనివ్వరు, పత్రిక రాయనివ్వదు, కోర్టు తలుపు మూసింది. ఇక ఆ చట్టాన్ని పాలేరుకు చదివి వినిపించేదెవరు? దొరను నిలదీసేదెవరు? నియంత ఇచ్చే మేలు అట్లనే ఉంటుంది. కాగితం ఇస్తాడు, దాన్ని పట్టుకొని నిలబడే మనిషిని లోపలేస్తాడు. వెట్టిని కదిలించింది ఆ ఊరేగింపు. చాకలి, మంగలి దొరల గడీలకు పని బంద్ చేసిన ఊళ్లు కదిలించాయి.

దానికి జవాబుగా ఏం వచ్చింది? 1978 అక్టోబర్ 20న జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ చట్టం 1948 నాటిది. నిషేధం ఉన్నచోట అయిదుగురు గుమిగూడితే, అవసరమని ఎస్సైకి అనిపిస్తే, కాల్చి చంపేదాకా పోవచ్చు. ఢిల్లీలో ఎమర్జెన్సీ ఎత్తేసి పంతొమ్మిది నెలలు. రాజ్యాంగంలో 44వ సవరణ వస్తున్న రోజులు. ఇక్కడ మాత్రం ఒక ఎస్సై అభిప్రాయం మీద ప్రాణం ఆధారపడింది.

గోదావరికి ఇవతల అది. అవతలి ఒడ్డు మనది. జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగులో నీళ్లు ముంచుకొని మెస్రం వాళ్లు నడిచి కేస్లాపూర్ నాగోబాకు తీసుకెళ్తారు. ఆ కేస్లాపూర్‌కు దగ్గరే ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టుకుంది. భూములకు పట్టాలు కావాలన్నదే అడిగింది. నిషేధం పెట్టారు. సంతకు వచ్చేవాళ్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క 13 మంది. గూడేల లెక్క అంతకు ఎన్నో రెట్లు. అప్పుడు ఎమర్జెన్సీ లేదు, ఓట్లతో గెలిచిన ప్రభుత్వమే ఉంది. తర్వాత ఎన్నో ఏండ్లు ఏప్రిల్ 20 వస్తే స్తూపం దగ్గర 144 సెక్షన్. ఏడవడానికి కూడా పర్మిషన్ కావాలన్నమాట. (నిజాం సర్కారు కూడా 1940లో ముందు జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను కాల్చింది. ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్‌ను పంపింది తర్వాతనే.)

ఎమర్జెన్సీనీ హిట్లర్ పాలననూ ఒకే గాటన కట్టను. ఎమర్జెన్సీ ఎన్నికలతో పోయింది, హిట్లర్ యుద్ధంతో గాని పోలేదు. కానీ రెండూ లోపలికి వచ్చిన తలుపు ఒకటే. 1933 ఫిబ్రవరి 28న జర్మనీలో హక్కులు రద్దు చేసింది తుపాకీ కాదు, రాజ్యాంగంలో ఉన్న అత్యవసర అధికారం కింద అధ్యక్షుడి సంతకం. మొదట కమ్యూనిస్టులను పట్టుకున్నారు, మిగతావాళ్లు మనకెందుకులే అనుకున్నారు. మన దగ్గర ఆ 'మొదట' అనే చోట ఎప్పుడూ నిలబడేది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

2024లో కేంద్ర ప్రభుత్వం జూన్ 25ను రాజ్యాంగ హత్యా దినంగా ప్రకటించింది. గుర్తు చేసుకోవాల్సిందే. కానీ అదే కాలంలో జార్ఖండ్ ఆదివాసుల మధ్య పనిచేసిన స్టాన్ స్వామిని 2020 అక్టోబర్‌లో ఉపా కింద పట్టుకున్నారు. చేతులు వణికే ముసలాయన నీళ్లు తాగడానికి స్ట్రా కోసం కోర్టును అడగాల్సి వచ్చింది. 84 ఏండ్ల వయసులో, 2021 జులై 5న, బెయిలు రాకుండానే చనిపోయాడు. ఒకరి ఎమర్జెన్సీని తిట్టి తన ఉపాను దాచుకునేవాళ్లను ఏమనాలి? ఈ విషయంలో ఏ జెండా వాళ్లూ మనకు చుట్టాలు కారు. జగిత్యాలను కల్లోలితమన్నదీ, ఇంద్రవెల్లిలో కాల్చిందీ ఎమర్జెన్సీ పెట్టిన పార్టీ వాళ్లే. అధికారం మారినా ఉపా మారలేదు.

టీచర్లకు ఒక మాట. జూన్ 25న బోర్డు మీద రాయమంటే రాయండి. దాని కింద 1975 డిసెంబర్ 1, 1978 అక్టోబర్ 20, 1981 ఏప్రిల్ 20 కూడా రాయండి. ఏమైందో ఇంట్లో అడిగి రమ్మని పిల్లలను పంపండి. ఆ రోజు సంతకు పోయినవాళ్లు ఇంకా మన గూడేల్లో ఉన్నారు, ఎక్కువ కాలం ఉండరు.

ఆ తమ్ముడికి 352వ అధికరణం నోటికి వచ్చు. 44వ సవరణ వచ్చు, బిట్లలో అడుగుతారు. కల్లోలిత ప్రాంతమంటే ఏందని నన్నే అడిగాడు. మనం కూర్చున్న ఈ ధర్మపురే, అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. బస్సెక్కినాక అడిగాడు, "సార్, మా తాతది ఇంద్రవెల్లి దిక్కే. అడిగితే చెప్తడంటవా?"