తల్లి మరచెను, మనమేల మరచితిమి?



పసుపు ఉడుకబెట్టు దినములలో ఆర్మూరు చుట్టుప్రక్కల ఏ గ్రామమునకు పోయినను కళ్ళములయొద్ద రాత్రింబగళ్ళు కావలి యుండును. చినుకు పడునేమో, దొంగ వచ్చునేమో అని ఇంటిల్లిపాది మేలుకొని యుందురు. తొమ్మిది నెలల పంట గదా! అయితే కొన్ని ఇండ్లలో, మనలను తొమ్మిది నెలలు మోసిన తల్లి వెనుక కొట్టములో ఒంటరిగా కూర్చుండియున్నది. ఆమెకు గొళ్ళెమే కావలి.

ఆమె చేసిన నేరమేమి? మరచిపోయినది. అన్నము తిని, తినలేదనును. తన ఇంటనే కూర్చుండి, "నన్ను ఇంటికి తోల్కపోండ్రి" అని ఏడ్చును. గల్ఫు నుండి వచ్చిన కొడుకును చూచి, "నువ్వెవలు బిడ్డా?" అని అడుగును. రాత్రివేళ తలుపు తీసికొని వీధిలోనికి పోవును. ఇరుగుపొరుగువారు నవ్వుదురని మనము గొళ్ళెము పెట్టితిమి. సంఘములో ఎవరైన అడిగినయెడల, "అవ్వకు గాలి సోకినది, ప్రార్థించుడి" అని చెప్పుచున్నాము.

ఈ మాట అబద్ధమని గట్టిగా చెప్పవలసియున్నది. ఇది గాలి కాదు, చేతబడి కాదు. మెదడులోని కణములు క్రమక్రమముగా నశించుటవలన కలుగు రోగము. ఈ రోగములలో ముఖ్యమైనదానిని 1906లోనే ఆల్జైమర్ అను జర్మను వైద్యుడు వివరించెను. మన దేశములో 60 యేండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి ఇట్టి మతిమరుపు రోగమున్నదని 2023లో ప్రచురింపబడిన పరిశోధన అంచనా వేసెను. పట్టణములకంటె పల్లెలలోనే ఇది ఎక్కువ.

నేనును దోషినే. కొన్ని యేండ్ల క్రిందట అట్టి వృద్ధురాలి తలపై చేయి యుంచి, పెద్ద కేకలతో దయ్యమును గద్దించితిని. ఆమె భయపడి, చిన్నబిడ్డవలె వణకుచు నా చేయి పట్టుకొనెను. పిమ్మట మేము కీర్తన ఎత్తుకొనగా, కొడుకు పేరు మరచిన ఆ తల్లి ఒక్క చరణమును తప్పక మాతో కూడ పాడెను. ఆ దినమున విడిపింపబడవలసినది నా అజ్ఞానమే.

"ఏదో పాపఫలమే" అని కొందరందురు. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులును అట్లే అడిగిరి. ప్రభువు ఆ మాటను త్రోసివేసెను (యోహాను 9). "మేము డబ్బు పంపుచున్నాము, మందిరమునకు పదియవ వంతు ఇచ్చుచున్నాము గదా" అని మరికొందరందురు. తలిదండ్రులకు చెందవలసినదానిని కొర్బాను అని పేరు పెట్టి దేవునికిచ్చినవారిని ప్రభువు ఎట్లు గద్దించెనో మార్కు 7వ అధ్యాయములో చదువుకొనుడి. తల్లి ఆకలితో నుండగా మందిరములో వేసిన కానుక ఆయనకు ఇంపు కాదు.

పసుపు ధర కొరకు 2019లో మన రైతులు పోటీకి దిగగా, నిజామాబాదు లోక్‌సభ ఎన్నికలో అభ్యర్థుల సంఖ్య 185కు చేరెను. 2025లో పసుపు బోర్డు నిజామాబాదునకు వచ్చెను. మంచిదే. ఇంత పట్టుదల గల మనము తల్లి కొరకు వంతులు వేసికొని మేలుకొనలేమా?

మన పితరులు ఇట్లుండలేదు. ఆర్మూరు నుండి హైదరాబాదు పోవు దారిలోనే డిచ్‌పల్లి యున్నది. కుష్ఠరోగిని శాపగ్రస్తుడని ఊరి వెలుపలికి వెళ్ళగొట్టుచున్న కాలములో, 1915లో, ఇసబెల్ కెర్ దొరసానియు ఆమె భర్త జార్జి కెర్ దొరగారును అక్కడ కుష్ఠరోగుల ఆసుపత్రిని తెరచిరి. ఎవరును ముట్టని పుండ్లను అక్కడ కడిగి కట్టు కట్టిరి. ఆ సాక్ష్యమును చూచిన జిల్లాలో, నేడు మనమే మన తల్లిని ముట్టక దాచిపెట్టుట ఎంత సిగ్గు!

కాబట్టి ఏమి చేయుదము? మొదట వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. థైరాయిడ్ లోపము, బీ12 విటమిను కొరత, మనోవ్యాకులము వలన కలుగు మరపు చికిత్సతో తగ్గవచ్చును. తగ్గని రోగమైనను ఆదరణకు లొంగును. ఆమెతో వాదింపకుడి. వేళకు భోజనము, వేళకు స్నానము, తెలిసిన పాట, తెలిసిన చేయి, ఇవి ఆమెకు ధైర్యము. ఈ భారమంతయు కోడలిమీదనే వేసి కొడుకులు తప్పించుకొనకూడదు. స్త్రీల సమాజమువారు వారమునకు ఒక పూట ఆ ఇంట కూర్చుండి, ఆ కోడలికి విశ్రాంతి ఇయ్యవలెను. ఇంట సాధ్యము కాక ఆశ్రమములో ఉంచుట పాపము కాదు. ఉంచి చూడబోకుండుట పాపము. వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను నంబరు కలదు. తలిదండ్రులను విడిచిపెట్టినవారికి 3 నెలలవరకు జైలుశిక్ష 2007 నాటి చట్టములోనే యున్నది. అయినను సీనాయి కొండమీద ఇయ్యబడిన ఆజ్ఞ వినని మనకు జైలు భయము కావలెనా?

తల్లి తన బిడ్డను మరచినను తాను మరువనని దేవుడు యెషయా 49వ అధ్యాయములో సెలవిచ్చెను. ఇదిగో, మన తల్లి మనలను మరచినది. మరువని దేవుని పిల్లలమైతే, నేటి రాత్రియే ఆ గొళ్ళెము తీసి, దీపము తీసికొనిపోయి, ఆమె ప్రక్కన కూర్చుందము. ఆమె "నువ్వెవలు బిడ్డా?" అని అడిగిన ప్రతిసారియు, విసుగక, "నీ బిడ్డనే అవ్వా" అని చెప్పుదము. ప్రభువు మనకట్టి ఓర్పు దయచేయును గాక. ఆమేన్.