'డౌట్' అంటే అనుమానమా?

అమెరికాలో ఓ విశ్వవిద్యాలయం. ఎమ్మెస్ మొదటి సెమిస్టరు. అయిదుగురికి కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఇద్దరు అమెరికన్లు, ఒక చైనా అమ్మాయి, ఒక బ్రెజిల్ కుర్రాడు, గుంటూరు నుంచి వెళ్లిన మన అబ్బాయి... ఇదీ జట్టు అనుకోండి. తొలి సమావేశంలో అమెరికన్ విద్యార్థి తన ప్లాను వివరించాడు. అందులో ఓ చిన్న సంగతి మనవాడికి అర్థం కాలేదు. 'ఐ హావ్ ఎ డౌట్' అన్నాడు.

అంతే, అవతలివాడి మొహం మారిపోయింది!

గుంటూరు అబ్బాయికి డౌట్ అంటే ప్రశ్న. 'డౌట్లుంటే అడగండిరా' అని మాస్టారు అంటుంటే వింటూ పెరిగాడు మరి. అమెరికన్ చెవికి మాత్రం అది 'నువ్వు చెప్పేది నమ్మబుద్ధి కావట్లేదు' అన్నట్టు వినిపిస్తుంది. అతడి గ్రామరులో తప్పు లేదు. టోఫెల్‌లో మంచి స్కోరు తెచ్చుకున్నవాడే. కాకపోతే ఇద్దరూ ఒకే ఇంగ్లిషు మాటను వేర్వేరు అర్థాలతో నేర్చుకున్నారు.

మాతృభాషే అయినా...

ఇంగ్లిషులోనే పుట్టి పెరిగినవాళ్లకూ ఈ తిప్పలు తప్పలేదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటన్, అమెరికా సైనిక ప్రతినిధులు ఒకచోట కూర్చున్నారు. ఓ పత్రాన్ని 'టేబుల్' చేద్దామన్నారు బ్రిటిష్‌వాళ్లు. వద్దే వద్దన్నారు అమెరికన్లు. బ్రిటన్‌లో ఆ మాటకు వెంటనే చర్చకు పెట్టడమని అర్థం. అమెరికాలోనేమో పక్కన పెట్టేయడం. గట్టిగా వాదించుకున్నాకగానీ తెలియలేదు... ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని! చర్చిల్ తన యుద్ధ చరిత్రలో ఈ ముచ్చట రాశారు.

తేదీల సంగతీ ఇంతే. 05/06 అని రాస్తే ఇక్కడ జూన్ 5, అమెరికాలో మే 6. రిపోర్టు ఇవ్వాల్సిన గడువు అలా రాసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మౌనం అర్ధాంగీకారమా?

మాటల కన్నా మౌనం ఇంకా చిక్కు. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1976లో వెలువరించిన 'బియాండ్ కల్చర్' పుస్తకంలో దీన్ని వివరించారు. జపాన్ లాంటి కొన్ని సమాజాల్లో నోటితో చెప్పేది కొంతే, మిగతాది సందర్భాన్ని బట్టి గ్రహించుకోవాలి. మరికొన్నిచోట్ల చెప్పదలచుకున్నదంతా మాటల్లోనే పెట్టాలి. అమెరికా ఈ రెండో కోవకు దగ్గర.

తెలుగువాళ్లలో 'చూద్దాంలెండి' అంటే చాలాసార్లు కాదనే లెక్క. అదే అలవాటులో 'ఐ విల్ ట్రై' అంటే ఎదుటివాళ్లు చేస్తాడనే నమ్ముతారు. తల పక్కకీ పక్కకీ ఊపితే ఔనో కాదో వాళ్లకు అంతుబట్టదు. పెద్దల ముందు ఎదురు మాట్లాడకపోవడం ఇంట్లో మర్యాద. జట్టు సమావేశంలో అదే పనిచేస్తే 'వీడికి చెప్పడానికేమీ లేదు' అనుకుంటారు.

ఇది పరువుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, మార్కులదీనూ. చాలా గ్రూపు ప్రాజెక్టుల్లో ఎవరెంత పనిచేశారో సహచరులే మదింపు వేస్తారు. రాత్రంతా మేలుకుని కోడ్ రాసినా, ఆ సంగతి పగలు నోరువిప్పి చెప్పకపోతే లెక్కలోకి రాకపోవచ్చు. అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో పీజీ విద్యార్థుల జీపీఏ 3.0కి తగ్గకూడదు. ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో తెలుగు పిల్లలు ఎంతోమంది. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి పంపిన తల్లిదండ్రులకు ఒక్కో గ్రేడూ విలువైనదే.

ఇక్కడే నేర్చుకోవచ్చు

ఇదంతా విమానం ఎక్కాకే నేర్చుకోవాలనేం లేదు. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 2006లో 'కాయిల్' కేంద్రాన్ని ప్రారంభించింది. రెండు దేశాల అధ్యాపకులు తమ తరగతులను ఆన్‌లైన్‌లో కలుపుతారు. ముందు పరిచయాలు, తర్వాత ఉమ్మడి ప్రాజెక్టు, చివర్లో ఏం నేర్చుకున్నామన్న సమీక్ష. 2010లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం గ్రీన్స్‌బరో క్యాంపస్‌లో మొదలైన 'ఎక్స్-కల్చర్'లో వేర్వేరు దేశాల విద్యార్థులు ఒక జట్టుగా చేరి వ్యాపార సమస్యలకు పరిష్కారాలు వెతుకుతారు. 2020లో కరోనా ప్రయాణాలకు అడ్డుకట్ట వేశాక ఇలాంటి పద్ధతుల వైపు చూసే కళాశాలలు పెరిగాయి.

అంత దూరం వెళ్లలేకపోయినా ఫర్వాలేదు. హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇఫ్లూల్లో విదేశీ విద్యార్థులు చదువుతుంటారు. ప్రాజెక్టు అనగానే హాస్టల్ గదిలో స్నేహితులనే పోగేసుకోకుండా వాళ్లలో ఒకరిని కలుపుకుంటే చాలు, ఇంగ్లిషులో మాట్లాడక తప్పదు. అదీ లేదంటే పక్క రాష్ట్రం విద్యార్థి అయినా సరే.

జట్టు కట్టాక కొన్ని అలవాట్లు చేసుకోవాలి. మొదటిరోజే ఎవరి పని ఏమిటో, గడువెప్పుడో నెల పేరుతో సహా కాగితం మీద పెట్టుకోవాలి. ఎదుటివాళ్లు చెప్పింది తనకెలా అర్థమైందో తిరిగి చెప్పి సరిచూసుకోవాలి. చేయలేని పనికి 'ట్రై చేస్తా' అనకుండా, ఎంతవరకూ చేయగలరో చెప్పాలి. మాట్లాడనివాళ్లను పేరు పెట్టి అడగాలి. వేరేచోటి నుంచి ఒక పేరా తీసుకున్నా ఎక్కడిదో చెప్పాలి. లేదంటే ఆ ఒక్కరి తప్పుకు జట్టంతా జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

ఇక ఆ గుంటూరు అబ్బాయి... యాస మార్చుకోనక్కర్లేదు. 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అంటే చాలు. ఇండియాలో డౌట్ అంటే ఏమిటో కూడా ఓసారి చెబితే ఇంకా మంచిది. ఆ అమెరికన్ రేపు ఉద్యోగంలో హైదరాబాద్ వాళ్లతో మాట్లాడాల్సిరావచ్చు. నేర్చుకోవాల్సింది అతడికీ ఉంది మరి!