వాక్యం దగ్గర మనం ఎందుకు మౌనంగా ఉంటాం?

ఆదివారం ఆరాధనలో అందరం కలిసి పాడతాం, ప్రార్థిస్తాం, ఆమేన్ అంటాం. వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కరే మాట్లాడతారు, మిగతావాళ్లం వింటాం. అర్థం కానిది అర్థం కానట్టే ఇంటికి తెచ్చుకుంటాం.

యేసు ప్రభువు కొండమీద ప్రసంగించాడు, నిజమే. కానీ పన్నెండేళ్ల వయసులో దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ ఉన్నాడని లూకా 2వ అధ్యాయం చెబుతోంది. మంచి సమరయుని ఉపమానం పుట్టింది కూడా ఒకరు అడిగిన ప్రశ్నలోనుంచే. చివరికి ప్రభువు మరో ప్రశ్న వేసి, అడిగినవాని నోటనే జవాబు చెప్పించాడు.

మత్తయి 20లోని ద్రాక్షతోట పనివారి సంగతి చూడండి. ఉదయం వచ్చినవారికీ, సాయంత్రం అయిదింటికి వచ్చినవారికీ యజమాని ఒక్కొక్క దేనారమే ఇచ్చాడు. దేవుని కృప గురించి ఈ భాగం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఇప్పుడు రోజూ కూలీల అడ్డాలో నిలబడే ఒక అన్నను మాట్లాడమని అడుగుదాం. సాయంత్రం దాకా నిలబడినవాడు సోమరి కాడనీ, ఎవరూ పనికి పిలవలేదనీ ఆయనకు వేరే చెప్పనక్కరలేదు. దేనారం అంటే ఆ కాలంలో ఒక రోజు కూలి. గంట కూలితో ఇంటిల్లిపాదీ తినలేరని ఆయనకు తెలుసు. ఆయన నోరు విప్పితే మన మధ్య కాంట్రాక్టు కూలి గురించి, పారిశుద్ధ్య కార్మికుల జీతాల గురించి మాట మొదలవుతుంది. కృప, న్యాయం వేరు కాదని అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్నలకు చోటిస్తే దుర్బోధ వస్తుందని కొందరు పెద్దల భయం. బెరయలోని యూదులు పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో పోల్చి చూసుకున్నారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వారిని మెచ్చుకుందే గాని తప్పుపట్టలేదు. ఎవరూ ప్రశ్నించని చోటే దుర్బోధ సులువుగా పాతుకుపోతుంది.

మన యవ్వనస్థుల సంగతి కూడా ఆలోచించాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో చదువుకున్న పిల్లల్లో చాలామందికి తెలుగు బైబిలు చదవడం కష్టం. అందులోని పాత మాటలు అడిగి తెలుసుకునే చోటు లేకపోతే వాళ్లు వెనక బెంచీలో ఫోను చూసుకుంటారు. తప్పు వాళ్లది మాత్రమే కాదు.

అందుకే మేము కోరేది చిన్న మార్పు. నెలకు ఒక ఆదివారమైనా ప్రసంగాన్ని పావుగంట తగ్గిద్దాం. ఐదారుగురు చొప్పున కూర్చుందాం. చదవలేనివారి కోసం ఒకరు వాక్యభాగాన్ని పైకి చదవాలి. ఇందులో ఏం జరిగింది, మన వీధిలో ఇలాంటిది ఎక్కడుంది, ఈ వారం మనం ఏం చేయాలి అని మాట్లాడుకుందాం. ముందు అక్కలు, కూలికి వెళ్లేవారు, పిల్లలు మాట్లాడాలి. పాస్టరు గారు అన్నీ విని చివర్లో ముగిస్తారు. వెంటనే జవాబు దొరకని ప్రశ్న వస్తే వచ్చే వారం చూద్దామంటే ఆయన గౌరవమేమీ తగ్గదు.

వాక్యం అందరిదీ అని చెప్పుకుంటున్నాం. దాని గురించి మాట్లాడే అవకాశం కూడా అందరికీ ఇద్దాం.