ఎడమచేతి పెత్తనం

మన ఇళ్లలో పిల్లవాడు ఎడమచేయి చాపితే పెద్దలు కసురుకుంటారు. అన్నం దగ్గర ఆ మర్యాద సరే. హాకీ కర్ర దగ్గర అది చెల్లదు.

పుదూరులో మా బంధువుల పిల్లవాడు పుర్రచేతివాటం వాడు. కోవిల్‌పట్టిలో ఆట చూసివచ్చి, "తాతా, నావంటివాళ్లకు వేరే కర్ర లేదట. నాకీ ఆట వద్దు" అని మూల కూర్చున్నాడు. లేదన్న మాట నిజమే. గోల్ఫులో ఎడమవాటం కర్రలు దొరుకుతాయి. హాకీలో అందరికీ ఒకటే కర్ర, ఎడమపక్కన చదును. ఆ చదునుతోనే బంతిని ఆడాలి.

కాని కర్రను తిప్పేది ఏ చేయి? పిడి కొనను ఎడమచేయి పట్టుకుంటుంది. బంతిని అటూ ఇటూ మళ్లించేటప్పుడు మణికట్టుతో కర్రను తిప్పేది అదే. కుడిచేయి కిందుగా, వదులుగా ఉండి కర్రను తనలో తిరగనివ్వాలి. కుడివాటం పిల్లలు ఇక్కడే బిగబట్టి ఆట చెడగొట్టుకుంటారు. బంతిని తోసేటప్పుడు కుడిచేయి ముందుకు నెడుతుంది, ఎడమచేయి వెనక్కు లాగుతుంది. గట్టిగా కొట్టాలంటే రెండూ పైన దగ్గరవుతాయి. గోల్ఫులోను కుడివాటం వారికి పైన ఉండేది ఎడమచేయే.

2022లో జకార్తా ఆసియా కప్పులో కంచుపతకం గెలిచిన భారతజట్టులో కోవిల్‌పట్టి మారీశ్వరన్ ఉన్నాడు. ఆయన పట్టినదీ ఈ పట్టే.

ఇదంతా చెప్పాక వాడు లేచాడు. ఇప్పుడు సాయంత్రమైతే పెరట్లో ఒంటి ఎడమచేత్తో కర్ర తిప్పుతున్నాడు. వాళ్ల అవ్వ మాత్రం గడపలోనుంచి "కుడిచేయిరా, కుడిచేయి!" అంటూనే ఉంది.