అంగారకుల దండయాత్రకు దారిబత్తెమెంత?

కథల పుస్తకము చేతబట్టిన పిల్లలను జూచి "లెక్కలు చేసికొనక ఈ కథలేమిటి?" అని మందలించు తల్లిదండ్రులు మన యిండ్లలో పెక్కుమంది కలరు. వారి భయము నిష్కారణమని మేమనము. కాని కథ చదువుచునే లెక్క చేయవచ్చుననియు, అట్లు చేసినచో రెండింటి రుచియు హెచ్చుననియు మా యభిప్రాయము. ఇందులకు ఒక నవలను ఉదాహరణముగా గైకొందము.

ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ రచించిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' 1897లో ఒక పత్రికలో ధారావాహికముగా వెలువడి, 1898లో గ్రంథరూపము దాల్చినది. అంగారక గ్రహవాసులు ఒక పెద్ద ఫిరంగితో పది లోహస్తూపములను, రాత్రికొకటి చొప్పున, భూమి మీదికి ప్రయోగింతురు. మొదటిది లండనునకు నైరృతి దిశయందున్న వోకింగు పట్టణము చెంత పడును. అందుండి వెడలిన అంగారకులు మూడుకాళ్ల యంత్రములనెక్కి, ఉష్ణకిరణముతోను నల్లని విషధూమముతోను దేశమును పాడుచేయుదురు. చదివినవారందరును ఆ యాయుధములనే తలచుకొందురు. కాని దండు నడచుటకు ఆయుధములొక్కటే చాలునా? మంది ఎందరు, తోడు దండు ఎప్పుడు వచ్చును, మోయు సరకెంత, తినుటకేమి? ఈ ప్రశ్నలకును జవాబు కావలెను గదా!

మొదట మందిని లెక్కింతము. ఒక్కొక్క స్తూపములో ఐదుగురికి మించి యుండరని కథలోని అధికారుల అంచనా. పదింటికి 50 మంది. లండను జనసంఖ్య కథలో 60 లక్షలు. భాగింపగా ఒక్కొక్క అంగారకునికి 1,20,000 మంది ఎదురు. అదియును ఒక్కసారి కాదు. మొదటిదినమున దిగినవారు ఐదుగురే. అంగారకునిపై ఆకర్షణ భూమిమీదిదానిలో నూటికి 38 వంతులు మాత్రమే. అచట 40 కిలోలు తూగు ప్రాణి ఇచట 105 కిలోలు తూగును. కావున వారు తొలినాడు కదలుటకే ఆయాసపడిరి. ఆ తరుణమును జారవిడుచుటయే ఆంగ్లసేనల మొదటి తప్పని మా తలంపు. తరువాత షెపర్టన్ వద్ద ఒక ఫిరంగి గుండు ఒక యంత్రమును కూల్చినది. 'థండర్ చైల్డ్' అను యుద్ధనౌక తాను మునుగుచు రెండింటిని మాపినది. ఏబదిమంది దండులో ఇది చిన్న నష్టము కాదు.

ఆ నష్టమును పూరించువారెవరు? భూమియు అంగారకుడును ప్రయాణమునకు అనుకూలమగు స్థితికి సుమారు 26 మాసములకొకసారి మాత్రమే వచ్చును. మన దేశము పంపిన మంగళయానము అట్టి తరుణమునే కనిపెట్టి, 2013 నవంబరు 5వ తేదీన తెలుగునేలయందలి శ్రీహరికోటనుండి బయలుదేరి, 2014 సెప్టెంబరు 24వ తేదీన అంగారకుని చేరినది. బయలుదేరునపుడు దాని బరువు 1,337 కిలోలు. అందు ఇంధనమే 852 కిలోలు, శాస్త్రపరికరములు 15 కిలోలు. దూరప్రయాణమున ప్రతి కిలోకును ఎంత వెల చెల్లింపవలెనో దీనివలన తెలియును.

ఇక ఫిరంగి మాట. అంగారకుని ఆకర్షణను దాటుటకు సెకనునకు 5 కిలోమీటర్ల వేగము కావలెను. ఫిరంగి గొట్టము ఒక కిలోమీటరు పొడవున్నదనుకొందము. వేగపు వర్గమును దూరమునకు రెట్టింపుచే భాగించినచో, లోపలివారిపై భూమ్యాకర్షణకు సుమారు 1,275 రెట్ల ఒత్తిడి పడునని తేలును. 50 కిలోల బాలుడు 60 టన్నులకు మించి తూగును. ఎట్టి ప్రాణియైనను పచ్చడియగును! ఇచట వెల్స్ లెక్క తప్పినది. మంగళయానమును మోసిన రాకెట్టు వేగమును క్రమక్రమముగా పెంచినది అందుకే.

అయినను సరకు విషయమున వెల్స్ మెచ్చదగినవాడు. అంగారకులు కావలసిన లోహమునంతయు మోసికొని రాలేదు. భూమిమీది బంకమట్టినుండియే అల్యూమినియము తీసి కడ్డీలు పోసిరి. మోయలేనిదానిని చేరినచోట చేసికొనుట గొప్ప యుక్తి.

బత్తెము విషయముననే వారు చెడిరి. వారి ఆహారము ప్రాణుల రక్తము. దారిలో త్రాగుటకై స్తూపమునకు రెండు మూడు చొప్పున ద్విపాద జీవులను తెచ్చుకొనిరి. అవి భూమిని చేరకముందే చంపబడినవి. అనగా దిగిననాటికి బత్తెము సున్న. ఇచటి రక్తమునే త్రాగవలసి వచ్చెను. దానితో ఇచటి సూక్ష్మజీవులును లోనికి బోయెను. అంగారకునిపై అట్టివి లేవని కథ. కనుక వాటినెదుర్కొను శక్తి వారి దేహములకు లేకపోయెను. కొలది వారములలోనే దండంతయు నశించినది. ఇల్లలుకగనే పండుగ కాదని మన పెద్దలన్నది వీరికి చక్కగా వర్తించును. ఈ ముగింపు దైవికమని కొందరందురు. మేమట్లనుకొనము. పరాయి గ్రహముననే తిండి వెదకికొనవలసివచ్చిన నాడే వారి ఓటమి నిర్ణయమైనది.

తల్లిదండ్రులారా! పైన జేసినవి గుణకారము, భాగహారము, ఉన్నత తరగతుల భౌతికశాస్త్రము మాత్రమే. అన్నియు తెలుగులోనే జరిగినవి. ఇంట ఒక భాషయు వీధిలో వేరొక భాషయు వినుచు పెరుగు మన పిల్లలు, తమ భాష పాటలకును పండుగలకునే గాని శాస్త్రమునకు పనికిరాదేమోయని లోలోపల సంకోచపడుచుందురు. ఆ సంకోచము ఉపన్యాసములతో పోదు. ఇట్టి లెక్క నాలుగుసార్లు తామే చేసినచో పోవును. కావున పిల్లవాని చేతినుండి కథల పుస్తకమును లాగికొనకుడు. దాని ప్రక్కన ఒక కాగితమును, పెన్సిలును ఉంచుడు.

విద్యార్థులారా! పదియవ స్తూపముతో ప్రయోగము ఏల ఆగెనో వెల్స్ నిశ్చయముగా చెప్పలేదు. మీరు లెక్కవేసి, తోచిన కారణమును తెలుగులో వ్రాసి మాకు పంపుడు.