బేస్‌మెంట్‌ అయిందా?

ఆదివారం పొద్దున్నే ఫోన్‌. ‘అమ్మా, బేస్‌మెంట్‌ ఫినిష్‌ చేస్తున్న. చేతికి తీరిక లేదు, మళ్లీ చేస్త’ అన్నాడు షికాగో పక్కన ఉండే కొడుకు. సూర్యాపేటలో ఉన్న తల్లికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ‘అదేందిరా! ఇంట్ల దిగి మూడేండ్లాయె. ఇంకా బేస్‌మెంట్‌ కాడనే ఉన్నవా?’ అంది. పక్కనే చాయ్‌ తాగుతున్న తండ్రి ఇంకొంచెం ముందుకెళ్లాడు. ‘పైసలేమన్న తక్కువైనయేమో అడుగరాదే!’

తప్పు ఎవరిదీ కాదు. తప్పంతా ఆ మాటది. అక్కడ బేస్‌మెంట్‌ అంటే నేల కింద ఉండే అంతస్తు. చలికాలం నేల గడ్డకట్టి ఉబ్బితే ఇల్లు కదలకూడదు కదా, అందుకని గడ్డకట్టే లోతు దాటాకే పునాది వెయ్యాలి. షికాగోలో ఆ లోతు 42 అంగుళాలు. ఎలాగూ మూడున్నర అడుగులు తవ్వుతున్నాం, ఇంకో నాలుగైదు అడుగులు తవ్వితే ఏకంగా ఓ అంతస్తే వస్తుందన్నది వాళ్ల లెక్క. చాలాచోట్ల బిల్డరు ఆ అడుగు అంతస్తును వట్టి కాంక్రీటు గోడలతో వదిలేస్తాడు. తర్వాత ఇంటాయన సెలవు రోజుల్లో చెక్క ఫ్రేములు బిగించి, జిప్సం బోర్డులు కొట్టి, లైట్లు పెట్టుకుంటాడు. అందులో పడకగది కావాలంటే మనిషి బయటపడేంత కిటికీ ఉండాలి. దాని అడుగంచు గది నేల నుంచి 44 అంగుళాలకు మించకూడదు. ఊటనీటిని తోడెయ్యడానికి గుంతలో ఓ మోటారు. ఇంత పనీ అయ్యాక తెలుగువాళ్ల ఇంట్లో జరిగేదేమిటో చెప్పనక్కర్లేదు. బతుకమ్మ రిహార్సళ్లు, పిల్లల పుట్టినరోజులు, ఊరి నుంచి వచ్చిన అత్తమామల మంచం... అన్నీ ఆ కిందే.

మన దగ్గర బేస్‌మెంట్‌ కిందికి పోదు, పైకి వస్తుంది. పునాది నేల దాటి లేచి, గడప కింద ఆగే ఎత్తు అది. ఇంజినీర్ల పుస్తకంలో దాని పేరు ప్లింత్‌. మేస్త్రి నోట మాత్రం ఒక్క బీముకు తప్ప ఆ పేరు వినపడదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇల్లు మొదలుపెట్టిన వాళ్లెవరైనా కూరగాయల బండి దగ్గర కనబడితే మొదటి ప్రశ్న ఒకటే: ‘బేస్‌మెంట్‌ అయిందా?’

ఆ ప్రశ్న వెనుక డబ్బు లెక్క కూడా ఉంది. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇంటికి 5 లక్షలు నాలుగు విడతల్లో ఇస్తామన్నారు. మొదటి లక్ష అందాలంటే బేస్‌మెంట్‌ పూర్తి కావాలి. అంటే చేతిలో ఏమీ లేనివాళ్లు ముందుగా చేతి డబ్బు పెట్టుకుని బేస్‌మెంట్‌ దాకా రావాలన్నమాట! కాగితం మీద అది మొదటి మెట్టు. ఇంట్లో అదే అన్నిటికంటే ఎత్తయిన మెట్టు.

కోదాడలో ఓ ఇల్లు. ఎవరిదని పేరు అడగక్కర్లేదు, నాలుగైదు ఇళ్ల ముచ్చట్లు కలిస్తే ఈ ఇల్లు. ఆయన బట్టల దుకాణంలో గుమస్తా. ఆమె జాకెట్లు కుడుతుంది. 2024 ఆగస్టు 31 రాత్రి నుంచి కురిసిన వానకు కోదాడలో వాగులు రోడ్లయ్యాయి, రోడ్లు వాగులయ్యాయి. కార్లు కొట్టుకుపోయాయి. మర్నాడు నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్‌ ఎడమ కాలువ కట్టే తెగింది. వీళ్లుండే అద్దె ఇల్లు రోడ్డుకు జానెడెత్తు. తెల్లారేసరికి కుట్టుమిషన్‌ మోటారు నీళ్లలో ఉంది. బియ్యం బస్తా ఉబ్బింది. మంచం కింద పెట్టిన పిల్లల సర్టిఫికెట్ల సంచి మాత్రం ఎలాగో చేతికందింది. వాటిని ఫ్యాను కింద ఒక్కొక్కటిగా ఆరబెట్టుకుంది.

ఆ తర్వాతే సొంత జాగాలో ముగ్గు పోశారు. ఇరవై అడుగులు, ముప్ఫై అడుగులు. మేస్త్రి రెండడుగుల బేస్‌మెంట్‌ చాలన్నాడు. ‘అందరూ అంతే పెడుతున్నరక్కా.’ ఆయనా అదే మాట. నిజానికి జాతీయ భవన నిర్మాణ నియమావళి అడిగేది చుట్టుపక్కల నేల మట్టానికి 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర. ఆ లెక్కన రెండడుగులు ఎక్కువే.

ఆమె ఒప్పుకోలేదు. అలాగని వాదించనూ లేదు. మేస్త్రిని లెవెల్‌ పైపు తెమ్మంది. నీళ్లు నింపిన సన్నని తెల్లపైపు అది. ఎంత దూరం లాగినా రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి, మధ్యలో గాలి బుడగ లేకపోతే చాలు. వీధి చివరి ఇంటి గోడ మీద వరద నీటి చార ఇంకా పోలేదు. సున్నం వేసినా మాసినట్టు కనబడుతూనే ఉంది. పైపు ఒక కొస ఆ చార దగ్గర పట్టుకోమని కొడుకుకు చెప్పింది. రెండో కొస తన జాగాలో పాతిన కర్ర దగ్గర తనే పట్టుకుంది. నీళ్లు ఊగి ఊగి ఆగాయి. మేస్త్రి కర్ర మీద గీత గీసి, టేపు పెట్టి చూశాడు. రెండడుగుల పది అంగుళాలు.

ఎవరూ కాసేపు మాట్లాడలేదు. ‘మూడున్నర పెడదాం’ అన్నాడు చివరికి మేస్త్రే. మూడున్నరంటే మళ్లీ 42 అంగుళాలే! షికాగోలో చలికి భయపడి లోపలికి పోయేదీ అంతే. అంగుళాలు ఆరేసి చొప్పున ఏడు మెట్లు. బేసి సంఖ్య కాబట్టి వాస్తు చూసే బావగారికీ అడ్డుచెప్పే వీలు లేకపోయింది.

అయితే ఎత్తు ఊరికే రాదు. ఇరవై ముప్ఫైల ఇంటికి అడుగున్నర పెరిగితే, లోపల నింపాల్సిన మొరమే దాదాపు ఎనిమిది తొమ్మిది యూనిట్లు. యూనిట్‌ అంటే వంద ఘనపుటడుగులు. దానికి తోడు చుట్టూ రాతికట్టు, సిమెంటు, కూలి. హుజూర్‌నగర్‌, మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి... చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే ఉన్నా బస్తా ధర మాత్రం ఇరుగుపొరుగు వాళ్లమని దయ చూపదు. నాలుగు గాజులు బ్యాంకుకు వెళ్లాయి. ‘లక్ష వస్తదిగా, విడిపిస్త’ అన్నాడాయన. ఆమె ఏమీ అనలేదు. గాజులు లేని చేతులతో మిషన్‌ తొక్కడం కొంచెం చప్పుడు లేకుండా ఉందని మాత్రం పక్కింటావిడతో అంది.

ఎత్తు ఒక్కటీ చూసుకుంటే చాలదు. ఏం నింపారన్నది అంతకంటే పెద్ద సంగతి. ఆమె చెల్లెలిది మిర్యాలగూడ. 1967లో సాగర్‌ కాలువలకు నీళ్లొదిలాక వరి పండి, రైస్‌మిల్లుల ఊరిగా పేరుబడ్డ చోటు. ఊరు పెరిగేకొద్దీ ఒకప్పుడు నాట్లు వేసిన మడులు ప్లాట్లవుతాయి. చెల్లెలి ఇల్లు అలాంటి నల్లరేగడి మీదే లేచింది. పునాదిలో తీసిన మట్టి ఎక్కడికో మోయడమెందుకని అదే మళ్లీ బేస్‌మెంట్‌లో పోశారు. కిరాయి మిగిలింది. రెండేళ్లకు హాల్లో టైల్స్‌ మీద నడిస్తే గుల్లగుల్లగా చప్పుడు. వానాకాలం తలుపు పడదు, ఎండాకాలం అదే తలుపు వదులు. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే పర్రెలిస్తుంది. పొలంలో అది మంచి గుణమే, పత్తికీ మిరపకూ పనికొస్తుంది. ఇంటి కింద మాత్రం ఏడాదికోసారి ఒళ్లు విరుచుకునే మనిషి మీద పడుకున్నట్టే.

అందుకే అలాంటి నేలలో పునాది ఈ ఉబ్బుడు, కుంగుడు అందని లోతుకు పోవాలి. పిల్లర్లన్నిటినీ ప్లింత్‌ బీము కలిపి పట్టుకోవాలి. నింపేది మొరమో, గరుసో, ఇసుకో కావాలి. తీసిన నల్లమట్టి చెట్ల పాదులకు వాడుకోవచ్చు, గదుల్లోకి మాత్రం రాకూడదు. ఇంటి చుట్టూ మూడడుగుల సిమెంటు చప్టా వేసి, వాన నీళ్లు గోడ మొదట్లో ఇంకకుండా బయటికి పంపాలి. స్నానాల గది నీళ్లు గోడవార అరటి చెట్టుకు పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అరటి బాగుంటుంది. గోడే బీటలిస్తుంది.

కోదాడ ఇంట్లో ట్రాక్టర్లు రావడం మొదలయ్యాక అసలు పోరు వచ్చింది. ట్రక్కుల మొరమంతా ఒకేసారి పోసి, పైన చదును చేసి, సాయంత్రానికి లెక్క తేల్చుకుని పోదామని ట్రాక్టరాయన తొందర. కానీ మొరం జానెడు మందానికి మించకుండా వరసలుగా పోయాలి. ప్రతి వరసకూ నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాలి. ఒకేసారి మూడడుగులు పోసి పైన కొడితే పై జానెడే గట్టిపడుతుంది. కిందదంతా అలాగే ఉండి, మనం గృహప్రవేశం చేసి సోఫాలు వేసుకున్నాక తీరిగ్గా కుంగుతుంది. ఆమె కుట్టుమిషన్‌ తెచ్చి చింతచెట్టు కింద పెట్టుకుంది. జాకెట్లు కుడుతూనే వరసలు లెక్కపెట్టింది. వరస అయ్యాక ఓ ఇనుప చువ్వ తెచ్చి గుచ్చేది. సులువుగా దిగిందా, ‘ఇంకోపాలి కొట్టుండి తమ్ముడూ’ అనేది. చాయ్‌ మాత్రం వేళకు ఇచ్చేది. అది లేకపోతే చువ్వను ఎవరూ సహించేవాళ్లు కాదేమో!

నింపకముందే చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి చెదల మందు. తలుపులొచ్చాక కొట్టే మందు కంటే నేలలోనే కొట్టింది నయం. రెండోది లెట్రిన్‌ పైపు దారి. నాలుగంగుళాల పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాటం ఉండాలి. బేస్‌మెంట్‌ తక్కువైతే ఆ వాటం రాదు. అప్పుడు టైల్స్‌ పగలగొట్టే రోజు ఒకటి కచ్చితంగా వస్తుంది. ఇక చెమ్మ సంగతి. వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక నేలలోని తడిని పైకి పీలుస్తుంది. గోడ అడుగున తెల్లగా ఉప్పు పూసి, రంగు పొలుసులుగా రాలేది అందుకే. బేస్‌మెంట్‌ పైన, గోడ మొదలయ్యే ముందు, చెమ్మ ఎక్కకుండా కాంక్రీటు పొర అడ్డం వెయ్యడానికి అయ్యే ఖర్చు ఒక్కసారి గోడకు రంగేసే ఖర్చుకంటే పెద్దదేమీ కాదు. అయినా దాన్నే ముందు కొట్టేస్తారు, కనబడదు కదా!

సూర్యాపేట పెద్దాయనకు ఇవన్నీ తెలుసు. అయినా ఆయన ఇల్లు ఇప్పుడు రోడ్డు కంటే కిందే ఉంది. కట్టినప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లేవారు. వీధిలో వేసిన ప్రతి రోడ్డూ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే వేశారు. ఒక్కో రోడ్డుకు ఒక్కో మెట్టు నేలలోకి పోయింది. ఇప్పుడు వాకిట్లోకి ఒక మెట్టు దిగాలి. వాన పడితే ఆయన గడప దగ్గర ఇసుక సంచి పెట్టుకుని కూర్చుంటాడు. ‘మావోడు అమెరికల కిందికి దిగే బేస్‌మెంట్‌ చేస్తుండు, మాకు మున్సిపాలిటీయే చేసి పెట్టింది’ అంటాడు నవ్వుతూ. కొత్తగా కట్టేవాళ్లు ఎత్తును తమ జాగాలోని నేల నుంచి కాకుండా రోడ్డు నడిమధ్య మట్టం నుంచి కొలుచుకుని, పైన రాబోయే రెండు రోడ్లను కూడా లెక్కలో వేసుకోవడం మేలు. పన్ను కట్టే మనిషి ఈ లెక్క కూడా వేసుకోవాల్సి రావడం అన్యాయమే. కానీ నీళ్లకు న్యాయం తెలియదు.

కోదాడలో పైన బెడ్‌ కాంక్రీటు వేశాక పది రోజులకు తక్కువ కాకుండా, వీలైతే పద్నాలుగు రోజులు తడపాలన్నాడు మేస్త్రి. పొద్దున ఐదింటికి ఆమె, సాయంత్రం బడి నుంచి వచ్చి పిల్లలు. నీళ్లు కొట్టే పేరుతో సగం నీళ్లు ఒకరి మీద ఒకరు చల్లుకునేవాళ్లు. తడపడం అయిపోయాక ఆ ఖాళీ గచ్చు ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. పక్కింటివాళ్లు మిరపకాయలు ఎండబోశారు. పిల్లలు సుద్దముక్కతో గదులు గీసుకుని ‘ఇది నా రూము’ అని కొట్లాడుకున్నారు. రాత్రి కరెంటు పోతే చాపలు తెచ్చుకుని అక్కడే పడుకున్నారు.

అధికారి వచ్చి ఫొటో తీసుకుపోయాడు. లక్ష పడేదాకా గోడలు లేవవు, ఇటుకలవాడికి బాకీ చెప్పే ధైర్యం ఆయనకు లేదు. కానీ మంచి రోజు పోతుందని దర్వాజ మాత్రం ఎత్తారు. పసుపు, కుంకుమ, మామిడాకులు, గుడ్డలో కట్టిన నవధాన్యాలు. గోడల్లేని గచ్చు మీద ఒక్క దర్వాజ, రెండు వైపులా ఊతకర్రలు.

కొబ్బరికాయ కొట్టిన మర్నాడు పాలవాడు వచ్చాడు. పక్క నుంచి గచ్చు ఎక్కబోయిన చిన్నదాన్ని తల్లి వెనక్కి పిలిచింది. ‘అట్లెందుకు? దర్వాజల నుంచి రా.’ ఆ పిల్ల వెనక్కి తిరిగి, తాత్కాలికంగా పేర్చిన ఏడు ఇటుక మెట్లూ ఎక్కి, గడప దాటి, గిన్నె పట్టుకుంది.